గీసినవారి హక్కు, కట్టేవారి అనుమతి

బ్రిటన్‌లో కొత్త ఇల్లు కట్టాలంటే ముందు కౌన్సిల్ నుంచి ప్లానింగ్ పర్మిషన్ రావాలన్న సంగతి ఇక్కడి మనవాళ్ళందరికీ తెలుసు. ఆ పర్మిషన్ కోసం ఇచ్చే నక్షా ఎవరి సొత్తు అన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. డబ్బిచ్చాం, గీయించాం, మనదే అనుకుంటాం. చట్టం అలా అనుకోదు.

ఇందులో రెండు పాయలున్నాయి. మొదటిది 1911 నాటి కాపీరైట్ చట్టం. కట్టడంలోని కళకు కూడా రక్షణ ఉంటుందని ఇక్కడ మొదట చెప్పింది అదే. రెండోది 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం. అది 1948 జూలై 1న అమల్లోకి వచ్చాక, సొంత నేల మీద కట్టడానికైనా అనుమతి కావలసివచ్చింది. ఆ అనుమతి మనిషికి కాక నేలకు అంటుకుని ఉంటుంది. నేల అమ్మితే దానితోపాటు వెళుతుంది. కాపీరైట్ అలా వెళ్ళదు. చిక్కంతా అక్కడే.

తొలి పేరున్న తగాదా ఇంటి గురించి కాదు, దుకాణం గురించి. లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని హీల్స్ ఫర్నిచర్ దుకాణాన్ని స్మిత్ అండ్ బ్రూవర్ అనే ఆర్కిటెక్టులు రూపొందించారు. 1930ల్లో దాన్ని పొడిగించే పని ఎడ్వర్డ్ మాఫ్‌కి దక్కింది. గిల్డ్‌ఫర్డ్ కేథడ్రల్ కట్టిన ఆర్కిటెక్టు ఈయనే. కొత్త భాగం పాతదానితో కలిసిపోవాలి కదా అని ఆయన పాత ముఖద్వారం వరసనే కొనసాగించారు. 1941లో కోర్టు అది కాపీయేనని తేల్చింది. యజమాని సొంత భవనాన్ని పొడిగించుకున్నా సరే!

ఇళ్ళ విషయంలో అసలు మలుపు 1971లో రిపోర్టయిన రెండు అప్పీలు తీర్పులు. మొదటిదాంట్లో, హార్న్‌చర్చ్‌లో పెరటి స్థలంలో ఇళ్ళు కట్టేందుకు ఒక ఆర్కిటెక్టు నక్షా గీసి పర్మిషన్ తెచ్చిపెట్టాడు. యజమానులు ఆ స్థలాన్ని పర్మిషన్‌తో సహా బిల్డరుకు అమ్మేశారు. బిల్డరు అవే నక్షాలు వాడుకున్నాడు. ఆర్కిటెక్టు దావా వేసి ఓడిపోయాడు. పూర్తి స్కేలు ప్రకారం ఫీజు తీసుకున్నాడు కాబట్టి, ఆ స్థలంలో ఆ నక్షాలతో కట్టుకునే అనుమతి నోటితో చెప్పకపోయినా ఇచ్చినట్లేననీ, అది కొన్నవారికీ చెందుతుందనీ లార్డ్ డెన్నింగ్ కోర్టు చెప్పింది. రెండోదాంట్లో ఆర్కిటెక్టు పర్మిషన్ తేవడం వరకే, నామమాత్రపు ఫీజుకు పనిచేశాడు. అక్కడ అటువంటి అనుమతి లేదన్నారు, ఆర్కిటెక్టు గెలిచాడు. ఎంత ఫీజు ఇచ్చారన్నదాన్ని బట్టి హక్కు తేలడం నాకు కొంచెం విడ్డూరంగానే తోస్తుంది. కానీ బేరం ఏమిటో చెప్పే కాగితం లేనప్పుడు కోర్టుకు మిగిలే ఆధారం అదే మరి.

తర్వాత కౌన్సిళ్ళు దరఖాస్తులన్నీ ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాయి. పక్కింటివాళ్ళ నక్షా ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. అయితే దాన్ని ప్రజలు చూడడానికి పెట్టారు గాని కట్టుకోవడానికి కాదు. షెఫీల్డ్‌లో ఒక కంపెనీ స్టూడెంట్ ఫ్లాట్లకు పర్మిషన్ తెచ్చుకుంది గాని స్థలం కొనలేకపోయింది. కొన్న మరో కంపెనీ ఆ నక్షాలతోనే పని సాగించింది. 2016లో హైకోర్టు అది కాపీరైట్ ఉల్లంఘనే అంది. కౌన్సిల్ పర్మిషన్‌లో సాధారణంగా 'ఆమోదించిన నక్షాల ప్రకారమే కట్టాలి' అనే షరతు ఉంటుంది. అంటే పర్మిషన్ చేతికొచ్చినా, దాన్ని నెరవేర్చడానికి కావలసిన నక్షా మరొకరి చేతిలో ఉండవచ్చు. వేరే నక్షాతో కట్టాలంటే మళ్ళీ కౌన్సిల్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

మన దేశానికీ ఈ 1911 చట్టం వచ్చింది, 1914లో కొద్ది మార్పులతో. 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో దాని ఛాయలు ఇంకా ఉన్నాయి. కట్టడం మొదలయ్యాక, అది కాపీయే అయినా, ఆపమనిగాని కూల్చమనిగాని కోర్టు ఉత్తర్వు ఇవ్వదని 59వ సెక్షన్ చెబుతుంది, నష్టపరిహారం అడగవచ్చంతే. హైదరాబాదులో స్థలం కొన్నవారికైనా, స్లౌలో స్థలం కొంటున్నవారికైనా లాయరును అడగాల్సిన మాట ఒకటే: పర్మిషన్‌తో పాటు నక్షాల లైసెన్సు కూడా రాసి ఇస్తున్నారా?