పిండినీరు, పాలు: ప్రేక్షకుని రుచి ఎక్కడ పుట్టును?



పంచారామములలో ఒకటైన పాలకొల్లు క్షేత్రమునకు క్షీరారామమని నామము. ఆ నామమునకు మూలము ఉపమన్యు వృత్తాంతము. మహాభారతమున ఆనుశాసనిక పర్వములో ఆ కథ వచ్చును. ఋషిబాలుడైన ఉపమన్యువు ఒకనాడు ఆవుపాలు రుచిచూచెను. ఆశ్రమమునకు తిరిగివచ్చి తల్లిని పాలడిగెను. పేదరాలైన ఆ తల్లి పిండిని నీట కలిపి పాలని ఇచ్చెను. బాలుడు నోట పెట్టుకొని, ఇవి పాలు కావని చెప్పెను. తల్లి దుఃఖించి, పరమశివుని ఆశ్రయింపుమని బోధించెను. తపస్సు ఫలించెను. క్షీరసాగరమే ఆ బాలునికి ప్రాప్తించెను. ఆ క్షీరము ఈ నేలపైనే ఉబికినదని స్థలపురాణము చెప్పుచున్నది.

ఈ కథలో రుచికి సంబంధించిన రహస్యమొకటి కలదు. అసలు పాలు ఎరుగనివాడు పిండినీటిని కాదనడు. ఒక్కసారి ఎరిగినవాడు దానిని పాలని ఒప్పుకొనడు. రుచి నాలుకపై పుట్టినట్లు తోచినను, దాని మూలము పూర్వానుభవమునందు, సంస్కారమునందు ఉన్నది.

నేడు భక్తుల నోట తరచుగా వినబడు విచారము ఒకటి. పురాణకాలక్షేపమునకు పదిమంది, సినిమాకు వేయిమంది వచ్చుచున్నారనియు, చేతిలోని ఫోనుకు అందరును బద్ధులైనారనియు, ఇది కలిప్రభావమనియు వారందురు. నింద సులభము. కాని ఒకడు హరికథను, ఒకడు నాటకమును, మరియొకడు వెండితెరను ఏల కోరుకొనును? శాస్త్రమేమి చెప్పినది? గోదావరీతీర చరిత్ర ఏమి చూపినది?

భరతముని ఈ ప్రశ్నను ఏనాడో ఎదుర్కొనెను. నాట్యశాస్త్రమున సిద్ధివ్యంజకాధ్యాయములో ప్రేక్షకుల రుచిభేదమును ఆయన విభజించి చెప్పెను. తరుణులు శృంగారమునందు, అర్థపరులు అర్థసంబంధమైన కథలందు, విరాగులు మోక్షవిషయమునందు సంతోషింతురు. శూరులకు యుద్ధములు, రౌద్రబీభత్సములు ప్రియములు. వృద్ధులకు ధర్మాఖ్యానములు, పురాణములు ఇంపు. బాలురు హాస్యమునకు, వేషములకు మురియుదురు. ఈ విభాగములో నింద లేదు. వైద్యుడు ప్రకృతిభేదమును గుర్తించినట్లు ముని రుచిభేదమును గుర్తించెను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాసుని నోట, భిన్నరుచులుగల జనులకు నాట్యమొక్కటే పలువిధముల సమారాధనమను భావమును పలికించెను. భాగవతమున కంసుని రంగస్థలమునకు శ్రీకృష్ణుడు వచ్చిన ఘట్టము ఈ తత్త్వమునకు పరాకాష్ఠ. మల్లులకు ఆయన పిడుగు, స్త్రీలకు మన్మథుడు, గోపకులకు బంధువు, యోగులకు పరతత్త్వము, కంసునికి మృత్యువు. వచ్చినవాడు ఒక్కడే. చూచినవారి హృదయములు వేరు.

మాధ్యమము మారుటయు కొత్త కాదు. వేదాధికారము లేదనబడినవారిపై కరుణతో వ్యాసమహర్షి భారతమును రచించెనని భాగవతము తెలుపుచున్నది. సర్వవర్ణములకు అందవలెనని బ్రహ్మ నాట్యమును పంచమవేదముగా సృజించి, ఋగ్వేదము నుండి పాఠ్యమును, సామము నుండి గీతమును, యజుస్సు నుండి అభినయమును, అథర్వము నుండి రసమును గ్రహించెనని భరతుని వచనము. పదకొండవ శతాబ్దమున రాజమహేంద్రవరములో రాజరాజనరేంద్రుడు భారతమును తెలుగున వినగోరగా నన్నయభట్టారకుడు ఆంధ్రీకరణమునకు పూనుకొనెను. వినువానివైపు కథ నడచివచ్చుట మన సంప్రదాయమునకు అపచారము కాదు. అదియే సంప్రదాయము.

ఆధునిక కాలమున ఈ డెల్టాసీమ పద్యనాటకమునకు పుట్టినిల్లువంటిది. గయోపాఖ్యానమును రచించిన చిలకమర్తి లక్ష్మీనరసింహము 1867లో ఖండవల్లిలో జన్మించెను. తిరుపతి వేంకటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరమునకు చేరువనున్న యండగండివాడు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కడియమువాడు. వారి పాండవోద్యోగవిజయములు పల్లెపల్లెన ఆడబడెను. అక్షరము రానివారు సైతము ఆ పద్యములను కంఠస్థము చేసిరి. కథ అందరికి ముందే తెలుసు. కృష్ణుడు రాయబారమునకు పోవుననియు, సంధి కుదరదనియు తెలిసియే తెల్లవారువరకు కూర్చుండిరి. పద్యము ముగియగానే వన్స్‌మోర్ అని కేకలు వేసిరి. తర్వాత ఏమి జరుగునను ఆతురత కాదు, తెలిసినదానిని మరల ఆస్వాదించు తృప్తియే వారిని కూర్చుండబెట్టెను. నిత్యము అదే స్తోత్రమును పఠించు భక్తునికి ఈ ఆనందము పరిచితమే.

హరికథాపితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) మరియొక మార్గము చూపెను. ఒక్క దేహముతోనే గానము, నృత్యము, కథనము, వ్యాఖ్యానము నిర్వహించెను. హరికథలో పండితునికి శ్లోకమున్నది, రసికునికి రాగమున్నది, పామరునికి పిట్టకథ ఉన్నది. ఒకే పందిరి క్రింద మువ్వురును తృప్తులైరి. సభను ముక్కలుగా చీల్చక రుచిభేదమును ఆదరించుట హరికథ గొప్పతనము.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, నాటకమును శ్రమజీవుల కష్టములను చెప్పుటకు వినియోగించెను. 1922లో పాలకొల్లులో జన్మించిన అల్లు రామలింగయ్య ఆ సంస్థలో పనిచేసి, పిమ్మట వెండితెరపై హాస్యనటుడై లక్షలమందిని నవ్వించెను. ఈ ఊరివారే అయిన దాసరి నారాయణరావు రంగస్థలము నుండి సినిమాకు వెడలి నూటయేబదికి పైగా చిత్రములకు దర్శకత్వము వహించెను. కోడి రామకృష్ణయు ఇచ్చటివాడే. ఆయన దర్శకత్వమున 1995లో వచ్చిన అమ్మోరు చిత్రము గ్రామదేవతాభక్తిని నూతన యంత్రకౌశలముతో తెరపై నిలిపెను. తెలుగు టాకీ 1932లో భక్తప్రహ్లాదతోనే ఆరంభమయ్యెను. 1963లో లవకుశ చూచుటకు పల్లెజనులు బండ్లు కట్టుకొని పట్టణములకు తరలివచ్చిరి. 1980లో శంకరాభరణము విడుదలైనప్పుడు తొలుత ప్రదర్శనశాలలు నిండలేదు. క్రమముగా నోటిమాటగా వ్యాపించి ఆ చిత్రము సంగీతశాస్త్రమెరుగని ఇండ్లలోను కర్ణాటక సంగీతముపై మక్కువ పెంచెను. జనులకు ఉత్తమరుచి లేదనువారికి ఇది సమాధానము. రుచి లేక కాదు, పాలు అందక.

ఇచ్చట ఒక కఠినసత్యమును ఒప్పుకొనవలెను. గుడిని విడచి జనులు సినిమాకు పోయిరని వాపోవువారు, గుడిలోనికి రానీయబడనివారు ఎందరుండిరో తలచుట అరుదు. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశమును హక్కుగా చేసిన చట్టము 1947లో వచ్చెను. అంతకు పూర్వము మండపములోని పురాణము గోడ వెలుపలివారికి వినబడలేదు. నేల టిక్కెట్టు కొన్నవానిని వెండితెర కులమడుగలేదు. రాముని ముఖమును తెరపైనే మొదట చూచి చేతులు జోడించినవారు ఆ తెరను ప్రేమించినచో, అది వారి దోషమెట్లగును? తలుపు మూసినవారికి శ్రోతలు లేరని ఏడ్చు అధికారము లేదు.

పిమ్మట ఆకాశవాణి వచ్చెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. పశ్చిమగోదావరి కాకరపర్రులో 1928లో జన్మించిన ఉషశ్రీ ఆ కేంద్రము నుండి రామాయణ భారతములను వినిపించెను. వంటయింట నున్న గృహిణి, మంచము దిగలేని వృద్ధుడు, అరుగుమీద రైతు ఒకేసమయమున శ్రోతలైరి. నవవిధభక్తులలో మొదటిది శ్రవణము. రేడియోలో కంటికి పని లేదు గనుక ప్రతివాడును తన రాముని తానే చిత్రించుకొనెను. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణము మొదలైనప్పుడు ఆదివారమునాడు వీధులు నిర్జనములయ్యెను. 2020లో వ్యాధిభయముతో లోకము తలుపులు వేసికొన్నప్పుడు అదే ధారావాహిక మరల ప్రసారమై మరల ఆదరణ పొందెను. భీతచిత్తము కొత్తదానిని కోరలేదు, తెలిసిన ఆశ్రయమును కోరెను.

అట్లయిన అన్ని వినోదములును సమానములా? కావు. భరతముని ప్రదర్శనకు మానుషి, దైవికి అని రెండు సిద్ధులను చెప్పెను. ప్రేక్షకులు నవ్వుట, అహో అనుట, అయ్యో అనుట, పులకించుట, వస్త్రములను ఉంగరములను కానుకగా విసరుట మానుషసిద్ధి. రంగము నిండియుండి, శబ్దములేక, క్షోభములేక సాగుట దైవికసిద్ధి. సినిమాశాలలోని ఈల కూడ సిద్ధియే. దానిని ఈసడింపరాదు. కాని అందరును ఏకచిత్తులైన ఆ మౌనము మరియొక మెట్టు.

ఆ మెట్టునకు కాలము కావలెను. విభావానుభావ వ్యభిచారుల సంయోగమున స్థాయిభావము పరిపక్వమైనగాని రసము కాదు. నిమిషములోపల ముగిసి మరియొకదానికి దారియిచ్చు ఫోనుదృశ్యము భావమును తట్టిలేపును, పండనీయదు. అందుచేతనే ఎన్ని చూచినను ఆకలి తీరదు. మొదట అమృతమువలె తోచి పరిణామమున విషమగు సుఖము రాజసమనియు, మొదట విషమువలె తోచి పరిణామమున అమృతమగునది సాత్త్వికమనియు గీతాచార్యుని నిర్ణయము. హరికథ మొదటి అరగంట బరువుగా తోచుట సహజము. ఫోను కూడ స్వభావతః దుష్టము కాదు. రాత్రి నిద్రపట్టని రోగికి దానిలోని ప్రవచనమే ఔషధమగును. చూచి లేచిన పిమ్మట మనస్సున ఏమి మిగిలినది? ఈ ప్రశ్నయే పరీక్ష.

ఉపమన్యువు తల్లి కొడుకును కొట్టలేదు, ఆశకు నిందింపలేదు. తన ఇంట పాలు లేవని ఎరిగి, పాలున్న చోటు చూపెను. నేటి పెద్దలకు అదియే మార్గము. బిడ్డ చేతినుండి పిండినీటి పాత్రను లాగుకొన్నంత మాత్రమున పాలరుచి తెలియదు. వానిని ఒక్కసాయంకాలము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అర్థము చెప్పుచు, ఒక మంచి కథను కడవరకు వినిపింపవలెను. ఒక్కసారి రుచి తెలిసినచో, ఇవి పాలు కావని వాడే చెప్పును.

స్వస్తి.