సిద్ధాంతంలో ముందున్న పేరు

క్వాంటం రసాయన శాస్త్రం చదివినవారికి హెల్మన్–ఫైన్‌మన్ సిద్ధాంతం తెలిసే ఉంటుంది. ఫైన్‌మన్ ఎవరో చెప్పనక్కరలేదు. ముందున్న పేరు గలవాణ్ణి ఎరిగినవారే తక్కువ.

హాన్స్ హెల్మన్ 1903లో జర్మనీలో జన్మించాడు. భార్య యూదురాలు కావడంతో, నాజీలు అధికారానికి రాగానే హానోవర్‌లో అతని ఉద్యోగం పోయింది. 1934లో మాస్కో చేరి కార్పోవ్ పరిశోధనా సంస్థలో కుదురుకున్నాడు. పరమాణువులోని లోపలి ఎలక్ట్రాన్లను విడివిడిగా లెక్కించకుండా, వాటి ప్రభావం మొత్తాన్నీ ఒక కల్పిత క్షేత్రంగా మార్చి, బయటి ఎలక్ట్రాన్లతోనే గణితం నడిపే ఉపాయం అక్కడే అతనికి తట్టింది. బరువైన లోహాల విషయంలో నేటి కంప్యూటర్లకు సైతం అదే ఆధారం.

1937లో అతని ‘క్వాంటం రసాయనం’ రష్యన్ భాషలో వెలువడింది. అణువులో ఎలక్ట్రాన్ మేఘం పరచుకున్న తీరు తెలిస్తే చాలు, కేంద్రకాల మీది బలాలను మామూలు విద్యుత్ సూత్రాలతోనే లెక్కగట్టవచ్చునన్న సిద్ధాంతం అందులో ఉంది. వెళ్ళగొట్టిన జర్మనీలోనూ ఆ ఏడాదే దాని సంగ్రహ రూపం అచ్చయింది, విచిత్రంగా!

1938 మార్చిలో సోవియట్ పోలీసులు హెల్మన్‌ను గూఢచారి అంటూ నిర్బంధించారు. ఆ కాలపు మాస్కోలో జర్మన్‌గా పుట్టడమే చాలినంత సాక్ష్యం. మే 29న కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 34.

మరుసటి సంవత్సరం అమెరికాలో 21 ఏళ్ళ ఫైన్‌మన్ అదే ఫలితాన్ని స్వతంత్రంగా సాధించి ప్రకటించాడు. హెల్మన్ నిర్దోషి అని సోవియట్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1957లో.