ఆకాశవాణి దినచర్యలో సీమ పలుకుబడి: గడివేముల శ్రోత దృష్టితో ఒక పరిశీలన

తెలుగు రేడియో చరిత్రను కేంద్రాల చరిత్రగా రాయడం మనకు అలవాటు. 1938 జూన్ 16న మద్రాసు, 1948 డిసెంబరు 1న విజయవాడ, నిజాం సంస్థానపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిన తరువాత హైదరాబాదు, 1963లో విశాఖపట్నం, కడప. ఈ వరుస పూర్తి కాగానే రేడియోలో పనిచేసిన రచయితల పట్టిక వస్తుంది. బుచ్చిబాబు, గోపీచంద్, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారి పేర్లు అందులో ఉంటాయి. ఎవరు మాట్లాడారో ఈ పద్ధతి చక్కగా చెబుతుంది. ఎవరు, ఏ వేళ, ఏ పని చేసుకుంటూ విన్నారో దీనివల్ల తెలియదు. కేంద్రానికి బదులు ఒక రోజును, వక్తకు బదులు ఒక ఊరి శ్రోతను ప్రమాణంగా తీసుకుంటే ఇదే చరిత్ర మరొక తీరుగా కనిపిస్తుంది. ఏ గంటకు ఏ తెలుగు పలికింది, ఆ కేటాయింపు వల్ల రాయలసీమ పలుకుబడికి ఏ స్థాయి దక్కింది అన్నది ఈ వ్యాసంలో విచారించిన అంశం.

ఇందుకు గడివేముల అనువైన చోటు. నల్లరేగడి నేలలు పరుచుకున్న కుందూ పరీవాహక ప్రాంతమిది. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉన్న మండలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ప్రసార చరిత్రలో ఈ ప్రాంతానికి ఒక విచిత్రమైన స్థితి ఉన్నది. 1953 నుంచి 1956 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ మూడేళ్లూ రాజధానిలో రేడియో కేంద్రం లేదు. ప్రభుత్వం కర్నూలులో, గొంతు విజయవాడలో! 1963లో కడప కేంద్రం వచ్చేవరకు ఈ ప్రాంతపు శ్రోతకు అందిన తెలుగు మద్రాసుదో, కృష్ణాతీరానిదో, హైదరాబాదుదో అయింది.

రోజు అనే అచ్చు

రేడియో రోజుకు ఒక అచ్చు ఉన్నది. అది ఇక్కడ పుట్టినది కాదు. 1935లో భారత ప్రసార శాఖకు తొలి నియంత్రణాధికారిగా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ లండన్ బి.బి.సి. నుంచి వచ్చినవాడు. ఆ మరుసటి ఏడాదే ఆ సంస్థకు ఆలిండియా రేడియో అన్న పేరు స్థిరపడింది. వార్త, ప్రసంగం, నాటకం, సంగీతం ఒకే కేంద్రం నుంచి వేళల వారీగా రావడం, ప్రతి వర్గం శ్రోతకూ ఒక గడియ కేటాయించడం బి.బి.సి. సంప్రదాయం. ఆకాశవాణి దాన్ని స్వీకరించి రోజును ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం అనే మూడు ప్రసారాలుగా విభజించింది. పల్లెలో పగలు వేరుగా నడుస్తుందన్న సంగతి ఈ అచ్చులో కొంత పట్టింది, కొంత పట్టలేదు.

ఉదయం వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చినట్లు ప్రసిద్ధమైన సంకేత సంగీతంతో, వందేమాతరంతో ప్రసారం మొదలవుతుంది. ఆ వెంటనే భక్తిరంజని. రజనీకాంతరావు రూపకల్పన చేసిన ఈ కార్యక్రమం తెలుగు ఇళ్లలో తెల్లవారుజాముకు మారుపేరైంది. 1974 జూన్‌లో మొదలైన ఢిల్లీ సంస్కృత వార్తలు తరువాతి కాలంలో ఏడు గంటలకు కాస్త ముందు వచ్చేవి. ఆ తరువాత తెలుగు వార్తలు. అంటే తొలి గంటలో వినబడేది స్తోత్రభాష, సంస్కృతం, వార్తల తెలుగు. వీటిలో ఏ ఒక్కటీ గడివేముల వీధిలో మాట్లాడుకునే భాష కాదు.

అయితే వార్తల తెలుగును తేలికగా తీసివేయడం న్యాయం కాదు. కొంగర జగ్గయ్య సినిమాలలో స్థిరపడకముందు ఢిల్లీలో తెలుగు వార్తలు చదివారు. తరువాత పన్యాల రంగనాథరావు వంటివారి గొంతులు ఇంటింటా పరిచితమయ్యాయి. ఇంగ్లీషు మూలం నుంచి కొద్ది నిమిషాల్లో అనువదించి, ఒక్కసారి వినగానే అర్థమయ్యేలా చదవవలసిన అవసరం వీరిది. గిడుగు రామమూర్తి 1940లో మరణించారు. వ్యావహారికం విశ్వవిద్యాలయాల పరీక్షలలోకి, సిద్ధాంత గ్రంథాలలోకి పూర్తిగా రావడానికి ఆ తరువాత దశాబ్దాలు పట్టింది. రేడియోకు ఆ వ్యవధి లేదు. చెవికి అందని వాక్యం అక్కడ పనికిరాదు గనుక వాదం తేలకముందే ఆచరణ తేలిపోయింది. కాని అలా గెలిచిన వ్యావహారికం శిష్టవ్యావహారికమే. కోస్తా మధ్యమండలపు చదువుకున్నవారి మాట దానికి ప్రమాణమైంది. గ్రాంథికం నుంచి విడుదలైన శ్రోత మరొక ప్రమాణభాష ముందు నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఎవరికి

మధ్యాహ్న ప్రసారం గురించి చెప్పవలసినది తక్కువే అయినా ముఖ్యమైనది. స్త్రీల కార్యక్రమాలకు ప్రధానంగా ఈ వేళనే కేటాయించారు. వంట ముగించి, పిల్లలను బడికి పంపి ఇంట కూర్చున్న గృహిణి ఈ కేటాయింపు వెనుక ఉన్న ఊహాశ్రోత. పత్తిచేనిలోనో, మిరపతోటలోనో కూలికి వెళ్లిన స్త్రీ ఆ గంటకు ఇంట ఉండదు. పంచాయతీ రేడియో ఉన్నదే అనుకున్నా అది ఊరి నడుమ, మగవాళ్లు చేరే చోట మోగేది. తెలుగు స్త్రీల వినికిడి చరిత్ర రాసేవారు పట్టణ గృహిణి జ్ఞాపకాలనే ఆధారంగా తీసుకొంటే ఈ లోపం కంటికి కనబడదు. ట్రాన్సిస్టరు వచ్చి, గట్టు మీద పెట్టుకొని వినే వీలు కలిగాక ఈ స్థితి కొంత మారింది. అప్పుడు కూడా చేలో ఎక్కువగా విన్నవి సినిమా పాటలు. సిలోను రేడియో తెలుగు పాటల ఆకర్షణకు సరిహద్దులు అడ్డు కాలేదు.

సాయంకాలపు మాట

సాయంకాలం రైతుల కార్యక్రమంతో రేడియో తీరు మారుతుంది. ఈ వ్యాసానికి కీలకమైన గంట ఇది. వ్యవసాయ కార్యక్రమానికి ప్రసంగరూపం అంతగా పొసగదు. ఇద్దరు ముగ్గురు రైతులు రచ్చబండ మీద మాట్లాడుకుంటున్నట్టు నడిపే సంభాషణ దానికి ఇష్టరూపం. సంభాషణ రాగానే మాండలికం తప్పదు. వాతావరణ సూచన, మార్కెట్ ధరలు, శాస్త్రవేత్త సలహా ఈ సంభాషణ చుట్టూ అల్లుకుంటాయి. గడివేములకు దగ్గరి పట్టణమైన నంద్యాలలో 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నది. పత్తి, జొన్న, శనగ వంగడాల మీద అక్కడ జరిగిన పని ఈ నేలకు నేరుగా సంబంధించినది. ఆ శాస్త్రవిషయం రైతు చెవికి చేరాలంటే ఒక భాషాంతరీకరణ కావాలి. ఆ పని రైతుల కార్యక్రమానికి పడింది.

ఇక్కడ ఒక సమకాలికత గమనించదగినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదకోశం, 1962లో వెలువడింది. కడప కేంద్రం 1963లో వచ్చింది. ఒకటి సేద్యపు మాటలను ఊరూరా తిరిగి కాగితం మీదికి ఎక్కించిన ప్రయత్నం. మరొకటి ఆ మాటలు గాలిలోకి ఎక్కగల తొలి సీమ వేదిక. ఈ రెండింటినీ కలిపి చూడక భాషాశాస్త్రం, రేడియో చరిత్ర ఎవరి దారి వారు పట్టాయి.

ఒక్క ఉదాహరణ చాలు. ప్రభుత్వ భాషలో సేద్యపు కాలాలు ఖరీఫ్, రబీ. కర్నూలు నేలమీద అవి ముంగారు, హింగారు. రెండూ కన్నడ సాన్నిహిత్యం నుంచి వచ్చిన మాటలు. తొలి వానలకు విత్తేది ముంగారు. నల్లరేగడి తేమ పట్టుకున్నాక వెనుకటి వానలకు విత్తేది హింగారు. గడివేముల వంటి చోట తెల్లజొన్నకు, శనగకు హింగారే ప్రాణం. ఖరీఫ్, రబీ అన్నవి దేశమంతటికీ సరిపోయే పరిపాలనా విభాగాలు. హింగారు అన్న మాటలో మాత్రం నేల రంగు, వాన రాక, విత్తే పదును మూడూ ఇమిడి ఉన్నాయి. రేడియో సలహాలో రబీ అన్న చోట రైతు తన మనసులో హింగారు అని దిద్దుకోవలసిందే. నాగలి, మడక విషయమూ ఇంతే. వేరుసెనగకు బుడ్డలు అనే ఊరిలో ఆ పంట తెగుళ్ల గురించి ఏ పేరుతో చెప్పాలన్నది కార్యక్రమ నిర్వాహకుడు రోజూ తేల్చుకోవలసిన ప్రశ్న. అది శైలీ ప్రశ్న మాత్రమే కాదు. మందు మోతాదు ఏ పంటకో పొరబడితే నష్టపోయేది రైతు.

ఈ గంటలో సీమ పలుకుబడికి దక్కినది గౌరవమా, గిరిగీతా? రెండూ అనే చెప్పాలి. తమ మాట యంత్రం నుంచి వినబడటం ఒక ప్రాంతపు జనానికి చిన్న విషయం కాదు. కాని అదే మాట ఉదయం వార్తలలోకి గాని, రాత్రి సాహిత్య ప్రసంగంలోకి గాని రాలేదు. మాండలికానికి సేద్యం, జానపదగేయం, హాస్యనాటిక కేటాయించబడ్డాయి. ఆలోచనకు శిష్టభాష మిగిలింది. మాండలికంలో ఎరువుల గురించి మాట్లాడవచ్చును, కవిత్వం గురించి మాట్లాడరాదు అన్న అలిఖిత నియమం రేడియో రోజులో గంటల రూపం ధరించింది. సీమ కథకులు తరువాతి కాలంలో కథనంలోకి సైతం మాండలికాన్ని తెచ్చినప్పుడు ఎదురైన అభ్యంతరాల వెనుక, అచ్చు ప్రమాణంతో పాటు చెవికి పట్టిన ఈ అలవాటు కూడా ఉన్నదని భావించవచ్చు.

రాత్రి వేళ మధ్యతరంగాలు పగటికన్నా దూరం ప్రయాణిస్తాయి. పొద్దుగూకిన తరువాత పై వాతావరణపు అయాన్ల పొర వాటిని తిరిగి నేలకు మళ్లిస్తుంది. పగలు కడపకు పరిమితమైన గడివేముల సెట్టులో రాత్రి దూరపు కేంద్రాలు కూడా మెదిలేవి. నాటకం, శాస్త్రీయ సంగీతం, సాహిత్య ప్రసంగం ఈ వేళవి. భౌతికశాస్త్రం, కార్యక్రమ ప్రణాళిక కలిసి రాత్రి శ్రోతను తన ప్రాంతం నుంచి మరింత దూరం తీసుకొనిపోయాయి.

ఆధారాల మాట

ఈ విచారణకు ఎదురయ్యే చిక్కు ఆధారాలలో ఉన్నది. మద్రాసు నుంచి వెలువడిన ఆకాశవాణి తెలుగు పత్రిక 'వాణి' కార్యక్రమాల వివరాలు అచ్చువేసేది. వేళ, శీర్షిక, పాల్గొన్నవారి పేరు దానివల్ల తెలుస్తాయి. పలికిన మాట తెలియదు. టేపులు ఖరీదైనవి గనుక చెరిపి మళ్లీ వాడుకోవడం ప్రసార కేంద్రాలలో మామూలు. ఏది నిలిచింది, ఏది చెరిగింది అని చూస్తే పాత వరుస మళ్లీ ఎదురవుతుంది. ఉషశ్రీ రామాయణ భారత ఉపన్యాసాలు నేటికీ వినబడుతున్నాయి. భక్తిరంజని గీతాలు, పేరున్న నాటకాలు భద్రపడ్డాయి. ఆ రోజుకు ఉపయోగపడి మర్నాటికి పాతబడే రైతుల సంభాషణను దాచాలని తోచినవారు తక్కువ. మాండలికానికి రోజులో ఏ స్థానం ఇచ్చారో, భాండాగారంలోనూ అదే స్థానం దక్కింది.

కనుక ఈ గంట చరిత్రకు విన్నవారి జ్ఞాపకమే మిగిలిన మూలం. గడివేముల మండలంలోని గనిలో ఇప్పుడు చేల స్థానంలో సౌరఫలకాలు వరుస తీరి ఉన్నాయి. ఆ నేలలో హింగారు పైరు పెట్టి, సాయంకాలం రేడియో విన్న తరం డెబ్బై దాటింది. ఆ కార్యక్రమంలో రబీ అనేవారా, హింగారు అనేవారా అన్న ప్రశ్నకు 'వాణి' పుటలలో జవాబు లేదు. దాన్ని ఇప్పటికీ వారిని అడిగి తెలుసుకోవచ్చు.