ఊరి నీళ్ళు, వాడ జ్వరం

బళ్ళో ఆరోగ్యం పాఠం టైఫాయిడ్ దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ఒకటే చెబుతుంది. నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కోండి, శుభ్రంగా ఉండండి. తప్పని అనను. కానీ కాచడానికి పుల్లలెక్కడివి, కడుక్కోడానికి నీళ్ళెవరిస్తారు అని ఆ పాఠం అడగదు. జబ్బుపడ్డవాడి అశుభ్రతే జబ్బుకి కారణమని తేల్చేసి ఊరుకుంటుంది. టైఫాయిడ్ చరిత్ర చదివితే ఈ తీర్పు నిలబడదు.

ఇంగ్లండులో విలియం బడ్ అనే డాక్టరు 1839లో తన సొంతూరు నార్త్ టాటన్‌లో ఈ జ్వరం ఇంటినుంచి ఇంటికి పాకడం దగ్గరుండి చూశాడు. రోగి విరేచనంలో బయటికొచ్చిన విషం నీళ్ళలో కలిసి ఇంకొకరి కడుపులోకి పోతోందని 1873లో పుస్తకమే రాశాడు. కంపువల్ల జ్వరాలొస్తాయని పెద్దపెద్ద వైద్యులు నమ్మిన కాలమది. 1880లో ఎబర్త్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ క్రిమిని చూశాక బడ్ మాటకి బలమొచ్చింది. టైఫాయిడ్ క్రిమికి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు, పశువుల్లో ఉండదు. జ్వరం తగ్గినా కొందరి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి దాగుంటుంది. వాళ్ళు ఆరోగ్యంగానే తిరుగుతారు, మలంలో క్రిమిని వదులుతూనే ఉంటారు. అలాంటివాళ్ళు ఏ కులంలోనైనా ఉంటారు, మడి కట్టుకున్న వంటింట్లో కూడా.

క్రిమి లోపలికి పోయాక మామూలుగా వారం, రెండు వారాలకి జ్వరం మొదలవుతుంది. మెట్లెక్కినట్టు రోజురోజుకీ పెరుగుతుంది. తలనొప్పి, నీరసం, నాలుక మీద పాచి, అన్నం సయించకపోవడం. కొందరికి మలబద్ధకం, కొందరికి విరేచనాలు. పొట్ట మీదా ఛాతీ మీదా గులాబీరంగు మచ్చలొస్తాయని వైద్య పుస్తకాలు రాస్తాయి. తెల్లతోలు మీద కనిపించినట్టు అవి మన నల్లతోలు మీద కనిపించవు. సరైన మందు పడకపోతే మూడో వారం గండం. పేగు పుండుపడి రక్తం పోవచ్చు, చిల్లి పడొచ్చు. చిల్లి పడితే ఆపరేషనే.

ఇరవైఒక్క రోజుల జ్వరం అని పల్లెల్లో దీనికి పేరొచ్చింది ఊరికే కాదు. ఆ రోజులన్నీ లంఖణాలు పెట్టేవాళ్ళు. లంఖణం పరమౌషధం అన్న మాట తిన్నదరక్క పడుకున్నవాడికి పనికొస్తుందేమో. ముందే అర్ధాకలితో ఉన్న కూలిమనిషిని అది ఇంకా కుంగదీసింది. తేలిగ్గా అరిగే తిండీ, నీళ్ళూ లోపలికి పోతూ ఉండాలని తర్వాతి వైద్యం తేల్చింది. మూడు వారాల జ్వరమంటే మూడు వారాల కూలి పోవడం. పాలేరైతే ఆ నాగా అప్పు పద్దులో చేరడం. నయమైందనుకున్న రెండు మూడు వారాలకి కొందరికి మళ్ళీ వస్తుంది, తిరగబెట్టింది అంటాం. అప్పుడూ నింద రోగి మీదే, పథ్యం తప్పాడని.

ఈ చావుల్ని ఎవరు లెక్కపెట్టారు? బ్రిటిష్ సైన్యం తన సైనికులవి లెక్కపెట్టుకుంది. దేశీయులకి ఈ జ్వరం అంతగా రాదని చాలామంది తెల్ల డాక్టర్లు పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా నమ్మారు. ఆల్మ్రాత్ రైట్ 1896లో ప్రకటించిన టీకాని 1898లో ఈ దేశంలో వేసింది తెల్ల సిపాయిలకే. మనవాళ్ళ చావులు సర్కారు లెక్కల్లో ‘జ్వరాలు’ అన్న ఒక్క పద్దుకింద పడ్డాయి. మలేరియానా, టైఫాయిడా, ఆకలా? ఆ పద్దు చెప్పదు.

బడ్ చెప్పిందీ, కులం చెప్పిందీ పైకి ఒకటిలాగే ఉంటాయి. కంటికి కనపడనిదేదో మనిషినుంచి నీళ్ళలోకి పోతుందనే రెండూ అంటాయి. బడ్ మలాన్ని నీళ్ళకి దూరం పెట్టమన్నాడు. కులం మనిషినే దూరం పెట్టింది. మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు పశువులు తాగొచ్చు, అంటరానివాళ్ళు తాగకూడదు. 1924లో మునిసిపాలిటీ తీర్మానం చేసినా అంతే. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. సవర్ణులేం చేశారు? పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోయించి శుద్ధి అయిందన్నారు. ఎబర్త్ క్రిమిని చూసి అప్పటికి 47 ఏళ్ళు. ఆవుపేడతో టైఫాయిడ్ రాదు, నిజమే. అయినా తాగే నీళ్ళలో పేడ కలిపితే శుద్ధి, మనిషి దోసిలి ముంచితే మైల! చెరువు మీద హక్కు 1937లో గానీ హైకోర్టులో తేలలేదు.

కారంచేడు గురించి మనం చాలా రాశాం. అది తాగే నీళ్ళ దగ్గర మొదలైందన్న సంగతిని మాత్రం ఒక వాక్యంలో దాటేస్తుంటాం. 1985 జూలై 16న మాదిగలు నీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల మురికి నీళ్ళలో కలుపుతుంటే ఒక మాదిగ కుర్రవాడు వద్దన్నాడు. అతన్ని కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తింది. మర్నాడు ఊరు వాడ మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపింది. గేదె మురికితో వచ్చేది టైఫాయిడ్ కాకపోవచ్చు, వేరే జబ్బులొస్తాయి. తాగే నీళ్ళని కాపాడాలన్న ప్రజారోగ్య సూత్రాన్ని ఆ రోజు పాటించింది వాళ్ళిద్దరే. నేను చదివిన ఏ ఆరోగ్యం పాఠంలోనూ వాళ్ళు లేరు.

పట్నాల్లో మురుగు పైపులకంటే ముందు మలాన్ని ఎత్తి దూరంగా పోసింది పాకీవాళ్ళ చేతులు. కోస్తా పట్నాల్లో రెల్లివాళ్ళు తరతరాలు ఆ పని చేశారు. నిషేధిస్తూ 1993లో ఒక చట్టమొచ్చింది, 2013లో ఇంకొకటి. ఊరికి జ్వరం రాకుండా కాసిన ఆ చేతులకి సబ్బో, సూదిమందో ఇవ్వాలని ఎవరికి తోచింది?

1948లో క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్ మీద పనిచేస్తుందని తేలాక, వారాలు పట్టే జ్వరం రోజుల్లో దిగింది. 1980ల చివరికొచ్చేసరికి ఆ మందుకి లొంగని క్రిములు మన దేశంలో బాగా వ్యాపించాయి. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్, అదీ మొద్దుబారాక సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే. రెండు ఇంజక్షన్లకీ ఒక సెలైన్‌కీ మాత్రమే డబ్బున్నవాడి వైద్యం అక్కడితో ఆగుతుంది. వైడల్ పరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అనేయడం ఇంకో దోపిడీ. పాత జ్వరానికీ, వేరే జబ్బుకీ కూడా అది పాజిటివ్ రావచ్చు. మొదటి వారంలోనే, మందులు మొదలెట్టకముందే, రక్తం కల్చర్ చేయిస్తే నమ్మకం ఎక్కువ.

2016లో పాకిస్తాన్‌లో, సింధ్ హైదరాబాదులో, సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగని టైఫాయిడ్ లేచింది. దాన్నడ్డుకోడానికి వాడిన టీకా మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసింది. 2013లో ఇక్కడ అనుమతి వచ్చింది. ఆరు నెలలు దాటిన పిల్లలకి ఒక్క డోసు. పిల్లలకి మామూలుగా వేసే టీకాల్లో 2019లో దాన్ని మొట్టమొదట చేర్చిన దేశం పాకిస్తాన్. టీకా పుట్టిన ఊళ్ళో కూలోళ్ళ పిల్లలకి అప్పటికది డబ్బిచ్చి కొనుక్కోవాల్సిన సూది.

టీకా వేసినా నీళ్ళ సంగతి మిగిలే ఉంటుంది. గంటో రెండు గంటలో కుళాయి వదిలే చోట మిగతా వేళ పైపు ఖాళీగా ఉంటుంది, పగుళ్ళలోంచి మురుగుని పీల్చుకుంటుంది. లైను చివరి కుళాయికి నీళ్ళు ఆఖర్న, సన్నగా వస్తాయి. మీ ఊళ్ళో లైను చివర ఏ వాడ ఉందో నడిచి చూడండి. ఏ ఏడు ఎవరింట్లో ఇరవైఒక్క రోజుల జ్వరమొచ్చిందో, అప్పుడు నీళ్ళెక్కడివి తాగారో ముసలోళ్ళని అడిగి రాసుకోండి. సర్కారు లెక్కల్లో ‘జ్వరాలు’ అన్న పద్దుని ఆ రాత పక్కన పెట్టుకుని చదవాలి.