కుంచించుకొనిన కొలత

1890వ దశకపు తొలినాళ్ళలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఫెర్డినాండ్ బ్లూమ్ అను వైద్యుడు ఫార్మాల్డిహైడు ద్రావణమునకు సూక్ష్మజీవులను చంపు శక్తి ఎంత కలదో పరీక్షించుచుండెను. ఆ ద్రావణమును తాకుచు పనిచేయగా ఆయన వ్రేళ్ళ కొనలయందలి చర్మము గట్టిపడినది. అల్కహాలులో నిలువయుంచిన శరీరభాగములు ఇట్లే గట్టిపడునని ఆయన ఎరుగును. సూక్ష్మజీవుల మాట అటుంచి, ఈ ద్రావణములో జంతువుల కణజాలమును వేసి చూచెను. నూటికి నాలుగు పాళ్ళు ఫార్మాల్డిహైడు గల ఆ నీటిలో అది చెడిపోక గట్టిపడుటయే గాక, అల్కహాలులోవలె ఎక్కువగా ముడుచుకొనకుండ నిలిచినది. 1893లో ఆయన ఈ సంగతి ప్రకటించెను. నేటికిని ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేసి తీసిన ముక్కను సాధారణముగా మొట్టమొదట వేయునది ఫార్మలిన్ జాడీలోనే.

‘ఎక్కువగా ముడుచుకొనకుండ’ అను మాటను శ్రోతలు గమనింపవలెను. బొత్తిగా ముడుచుకొనలేదని కాదు. ఆ మిగిలిన ముడుత ఎంత, దానివలన విజ్ఞానమునకు కలిగిన చిక్కులేమి అనునదే నేటి మా ప్రసంగ విషయము.

అసలు కణజాలమును గట్టిపరచుట ఎందులకు? 1665లో రాబర్టు హుక్ బెండుచెక్కను పదునైన చాకుతో పలుచగా చెక్కి సూక్ష్మదర్శిని క్రింద చూచి, అందలి గదులకు కణములని పేరు పెట్టెను. బెండు ఎండినది కనుక ఆ పని సాగినది. కాలేయమును గాని మెదడును గాని అట్లు చెక్కుటకు వీలులేదు. అవి మెత్తనివి, పైగా ప్రాణము పోయిన కొలదిసేపటికే తమ రసములలో తామే కరగిపోవ మొదలిడును. కావున మొదట అల్కహాలు, 1840లో హానోవరు చూపిన క్రోమికామ్లము, 1859లో హైన్రిక్ మ్యూలరు వాడిన పొటాసియం డైక్రోమేటు, ఇట్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ కణజాలమును పారఫిన్ మైనములో పొదుగు పద్ధతిని తెచ్చెను. బ్లూమ్ ఫార్మలినును, క్లెబ్స్ మైనమును కలసి నేటి ప్రయోగశాలకు పునాది వేసినవనవచ్చును.

మైనమునకును నీటికిని పొత్తు కుదరదు. కణజాలములో ఎక్కువభాగము నీరే. కావున ముక్కను మొదట పలుచని అల్కహాలులోను, పిదప క్రమముగా చిక్కని అల్కహాలులోను ఉంచి నీటిని తీసివేయుదురు. తరువాత జైలీనులో ముంచి అల్కహాలును తీసివేయుదురు. ఆపైన సుమారు 60 డిగ్రీల వేడిలో కరగిన మైనములో గంటల తరబడి నాననిత్తురు. చల్లారిన మైనపు దిమ్మను మైక్రోటోము యంత్రముపై మిల్లీమీటరులో వేయింట అయిదు పాళ్ళ మందమున పొరలుగా కోసి, గాజుపలకపై పరచి రంగెక్కింతురు.

మాగాయ పెట్టు ఇల్లాలికి దీనిలో సగము రహస్యము తెలిసియే యుండును. ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు మూడవనాటికి నీరు విడిచి సగమై కనుపించును. ఫార్మలిను మాంసకృత్తుల నడుమ చిన్న చిన్న వంతెనలు కట్టి వానిని ఉన్నచోట నిలుపును గనుక, దానివలన కలుగు ముడుత కొద్దిపాటిది. అసలు ముడుత అల్కహాలులోను వేడి మైనములోను కలుగును. అన్నియు ముగియునప్పటికి పొడవులో నూటికి ఇరువది పాళ్ళు తగ్గుట వింతగాదు. ఇరువది అనిన స్వల్పమని తోచును. కాని పొడవు, వెడల్పు, మందము మూడును అట్లే తగ్గినచో ఘనపరిమాణము నూటికి 51కి దిగును. గాజుపలకపై మనము చూచునది జీవించియున్న దానిలో సగమన్నమాట! అదియైనను అన్నిచోట్ల ఒకే తీరున ముడుచుకొనదు. మెదడు పొరలలో నాడీకణముల చుట్టును కనుపించు తెల్లని ఖాళీ, ముడుతవలన ఏర్పడిన సందేగాని ప్రకృతి అక్కడ విడిచిన చోటు కాదు.

ఈ సందేహము ఆనాటివారికే తట్టినది. 1899లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ ఫిషరును, ఇంగ్లండులో విలియం బేట్ హార్డీయును వేరువేరుగా ఒక తుంటరి ప్రయోగము చేసిరి. తుంటరి అనుట మా మాట. వారు కణములను వదలిపెట్టి, ఏ నిర్మాణమును లేని మాంసకృత్తుల ద్రావణములపై పరీక్షలు చేసిరి. హార్డీ కోడిగ్రుడ్డు సొనను, జెలటినును గైకొనెను. వానిపై స్థిరీకరణ ద్రవములను ప్రయోగింపగా వలలును, రేణువులును, దారములును కనుపించినవి. జీవపదార్థములో తాము కనుగొంటిమని పండితులు ఏండ్లతరబడి వాదించుకొనుచుండిన వలలవంటివే అవి! వల ద్రవముచే అల్లబడినదా, కణములోనే యుండెనా అని ప్రతివాడును ప్రశ్నించుకొనవలసి వచ్చినది.

అయినను పని ఆగలేదు, ఆగనక్కరయు లేదు. మా రేడియోవారికి తెలిసిన ఉపమానమొకటి చెప్పెదము. టేపు తిరుగు వేగము తప్పినచో గాయకుని శ్రుతియు, వయొలిన్ శ్రుతియు కలసియే మారును. ఒకదానికొకటి తప్పినట్లు తోచదు. అట్లే అన్ని ముక్కలును ఒకే విధముగా ముడుచుకొనినచో వానిని ఒకదానితో నొకటి పోల్చుటకు అడ్డులేదు. 1970లో అమెరికాలో అలెగ్జాండరు బ్రెస్లో చర్మమున పుట్టు మెలనోమా అను క్యాన్సరు ఎంత లోతునకు దిగినదో గాజుపలకపైననే కొలిచి, ఆ లోతునుబట్టి రోగి భవిష్యత్తును ఊహింపవచ్చునని చూపెను. ఆ మిల్లీమీటర్లు జీవించిన చర్మపు మిల్లీమీటర్లు కావు. అయినను ఆ నియమమే ముడుచుకొనిన పలకలపై కట్టబడినది కనుక నిలిచినది. శస్త్రవైద్యుడు శరీరముపై కొలిచిన అంచును, పలకపై కొలిచిన అంచును కలగలిపినప్పుడు మాత్రము పేచీ వచ్చును.

రెండు ముక్కలు రెండు విధముల ముడుచుకొనినచో? అప్పుడు టేపు ఉపమానము పనికిరాదు. మానవుని మెదడు విషయమున జరిగినది ఇదియే.

1955లో హెరాల్డ్ బ్రోడీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు వేరువేరు వయస్సులవారి మెదళ్ళ పైపొరలో నాడీకణములను లెక్కించి, వృద్ధులలో అవి చాల తక్కువగా నున్నవని ప్రకటించెను. చెవికి సమీపముననుండు మడతలో ఆ లోటు మిక్కిలి హెచ్చుగా కనుపించినది. రోజుకు లక్ష నాడీకణములు చచ్చుచున్నవను మాట కూడ లోకములో వ్యాపించినది. ముసలితనమనగా మెదడు ఖాళీయగుటయే అని నమ్మినవారెందరో. నలుబది దాటిన మేమును పేరు మరచిన ప్రతిసారి ఈ మాట తలచుకొనువారమే.

1980వ దశకములో జర్మనీకి చెందిన హెర్బర్టు హౌగ్ ఈ లెక్కలోని లొసుగును ఎత్తిచూపెను. స్థిరీకరణములోను మైనములోను యువకుల మెదడు, వృద్ధుల మెదడుకంటె ఎక్కువగా ముడుచుకొనునని ఆయన పరిశీలనలో తేలినది. దీని ఫలితమును ఊహాలెక్కతో చూతము. ఇద్దరికిని వేయేసి కణములున్నవి. యువకునిది 100 పాళ్ళనుండి 50కి, వృద్ధునిది 60కి ముడుచుకొనినది. పాలు ఒక్కింటికి యువకునిలో 20 కణములు, వృద్ధునిలో 17కు లోపు కనుపించును. ఒక్క కణమైనను చావకయే ఆరవవంతు చచ్చినట్లు లెక్క తేలును!

సాంద్రతను నమ్మరాదనినచో మొత్తమును లెక్కింపవలెను. సంచి ముడుచుకొనినను లోని గింజల లెక్క మారదు గదా. 1984లో డి. సి. స్టెరియో అను పేరుతో ఒక వ్యాసము వెలువడినది. రెండు వరుస పొరలను ప్రక్కప్రక్కన చూచి, ఒకదానిలో కనుపించి రెండవదానిలో కనుపింపని కణములనే లెక్కించినచో, పెద్దదైనను చిన్నదైనను ప్రతి కణమును ఒక్కసారియే లెక్కకు వచ్చునని అందలి ఉపాయము. దీనికి డైసెక్టరు అని పేరు. ఆ ఇంగ్లీషు అక్షరములనే తారుమారు చేసినచో స్టెరియో అగును. వ్రాసినవాడు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు గుండర్‌సెన్.

1997లో బెంటె పాకెన్‌బర్గ్ అను విదుషీమణియు గుండర్‌సెనును కలసి, 20 మొదలు 90 ఏండ్ల వయస్సువరకు గల 94 మంది మెదళ్ళను ఇట్టి నూతన పద్ధతులతో లెక్కించి ఫలితము ప్రకటించిరి. మెదడు పైపొరలో స్త్రీలకు సగటున 1,900 కోట్లు, పురుషులకు 2,300 కోట్లు నాడీకణములు కలవు. ఆ డెబ్బది ఏండ్లలో తగ్గునది నూటికి సుమారు పది. అనగా రమారమి 210 కోట్లు. దీనిని రోజులకు పంచినచో రోజుకు ఎనుబదివేలు దాటును. లోకులు చెప్పుకొనిన లక్ష అంత దూరపు లెక్క కాదు! కాని తొంబదవ ఏటను పదింట తొమ్మిది పాళ్ళ కణములు మిగిలియుండునని మాత్రము ఆ లక్షను చెప్పినవారు చెప్పలేదు.