మ్యాకల అని రాసిన గుమాస్తా

సోలాపూర్ పద్మశాలి ఇండ్లల్ల ముత్తాత సంగతి అడిగితే రెండు ముక్కల్లో అయిపోతుంది: మొగలాయి నుంచి వచ్చిండు, మగ్గం నేసిండు. మొగలాయి అంటే నిజాం రాజ్యం, మరాఠీవాళ్ళు దాన్ని అట్లనే పిలిచేవారు. 1860లో సోలాపూర్‌కు రైలొచ్చింది, 1877లో మొదటి నూలు మిల్లు పెట్టారు. తెలంగాణ నేతగాండ్లు ఇక్కడ స్థిరపడ్డ కాలం అది.

మా ముత్తాత గురించి ఇంట్లో ఇంకో మాట కూడా ఉండేది. తాగుడుకు ఇల్లు పోగొట్టిండని. మా నాయినమ్మ ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి లోపలికి పోయేది.

చదువు రానివాడు చరిత్ర రాసుకోడు. కానీ అప్పు చేసినవాడు కాగితం మీద ఉంటాడు. బ్యాంకులో తాకట్టు పత్రాలు చూసీ చూసీ నాకు తెలిసిన సంగతి ఇది. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపైన తనఖాకు మామూలుగా రిజిస్ట్రీ కావాలి. రిజిస్ట్రారు దగ్గర పేరును బట్టి వెతికేది ఇండెక్స్ వన్, ఆస్తిని బట్టి వెతికేది ఇండెక్స్ టూ. పాత పత్రాలు మోడీ లిపిలో ఉంటాయి. కలం ఎత్తకుండా గొలుసుగా రాసే లిపి అది, అందులో ఇకార ఈకారాలకు తేడా ఉండదు. చదివిపెట్టేవాళ్ళు కావాలి. తేదీ శకంలో ఉంటే 78 కలుపుకోవాలి. శకం 1834 అంటే 1912.

మా ఇంటిపేరు మేకల. ఇండెక్సులో 'మే' కింద ఆయన లేడు, 'మ్యా' కింద ఉన్నాడు. మ్యాకల! సంతకం చోట బొటనవేలి ముద్ర. గుమాస్తా పేరు ఎట్ల రాయాలని అడిగితే చెప్పేటందుకు ఆయనకు అక్షరం రాదు, నోటితో చెప్పిండు. గుమాస్తా విన్నది విన్నట్టు రాసిండు. మేకను మ్యాక, వేపను యాప అనే ఊరి నోరు అది. ఆయన గొంతు మనకు మిగిలింది ఆ ఒక్క అక్షరంలోనే.

ఆ పేరుతో వెతికితే రెండు పత్రాలు దొరికినయి. ఒకటి ఇల్లు తనఖా. రెండోది, కొన్నేండ్ల తర్వాత బాకీ మొత్తం తీరిందని షావుకారు రాసిచ్చిన విడుదల. ఇల్లు పోలేదు, విడిపించుకున్నడు! అమ్మింది ఆయన పోయినంక, కొడుకులు పంచుకునేటప్పుడు. తాగిండో లేదో కాగితం చెప్పదు. కానీ మగ్గం మీద కూర్చుని వడ్డీతో సహా బాకీ కట్టిన మనిషని చెప్తుంది. మా నాయినమ్మ ఉన్నప్పుడు ఈ కాగితం దొరికి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మా పిల్లలు గెజిట్‌లో మ్యాకల్‌ను మేకల అని సరిచేయిస్తామంటున్నారు. గాజులవాళ్ళు గాజుల్ అయినట్టు, మరాఠీలో మన పేర్ల చివరి అకారం ఊడిపోయిన మాట నిజమే. అది కావాలంటే చేర్చుకోండి. 'మ్యా' మాత్రం తప్పు కాదు, దాన్ని దిద్దొద్దు అంటాను. దిద్దితే రేపు వెతికేవాళ్ళకు ఆయన మళ్ళీ దొరకడు.

మీ ఇంటి పెట్టెల్లో మోడీ కాగితాలుంటే చెత్తకు వేయకండి. ఇంటిపేరు పెద్దవాళ్ళు ఎట్ల పలుకుతారో, ఆ పలుకు కింద కూడా వెతకండి.