వీణకు మేళము కట్టుట

మహానంది కోనేటిలో నాణెము పడినను, అది అడుగున స్పష్టముగా కనబడును. వీణపై స్వరము గూడ అట్లే నిర్మలముగా వినబడవలెను. అందులకై శిల్పి చేయు కడపటి పనిని గూర్చి నేడు మనము కొంత విచారింతము.

విజయనగరం జిల్లాలో బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో తరతరములుగా వీణలు చేయు కుటుంబములు గలవు. వారు పనసమ్రానును తొలిచి కుండను, దండిని, యాళిముఖమును తీర్తురు. బిరడలు బిగించి గుఱ్ఱమును నిలిపిన పిమ్మట చూపరులకు వీణ పూర్తియైనట్లే తోచును. కాని అది ఇంకను మూగదే. దానికి మేళము కట్టవలెను.

మైనమును నల్లని పొడితో కలిపి దండిపై రెండు గట్లుగా తీర్చి, వానిపై స్థాయికి 12 చొప్పున 24 లోహపు మెట్లను నిలుపుటయే మేళము. తంత్రి పొడవులో సగము వద్ద పైస్థాయి స్వరము పలుకునని గణితము చెప్పును. అయితే వ్రేలితో నొక్కగానే తంత్రి బిగిసి స్వరము కొంచెము హెచ్చును. తంత్రి లావును బట్టి, మెట్టు ఎత్తును బట్టి ఆ హెచ్చు మారుచుండును. కావున కొలబద్ద ఒక్కటియే చాలదు. శిల్పి ప్రతి మెట్టును మీటి, విని, వెండ్రుకవాసి జరిపి, మరల వినును. ఇచట చెవియే ప్రమాణము.

ఈ మెట్ల అమరిక వెనుక మన పెద్దల మేధ గలదు. 1550లో విజయనగర రాజ్యమున రామామాత్యుడు 'స్వరమేళకళానిధి' రచించెను. అన్ని రాగములకు చాలునట్లు మెట్లు నిలిపిన వీణను, రాగమును బట్టి మెట్లు మార్చుకొను వీణను ఆయన వేర్వేరుగా వివరించెను. 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున 24 మెట్లు స్థిరపడినవని సంప్రదాయము. మెట్ల కూర్పునకును, రాగములకు ఆధారమైన స్వరసమూహమునకును 'మేళము' అను ఒకే పేరుండుట గమనింపదగినది.

బొబ్బిలి వీణకు 2011-12లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని బహుమతులకై చేయు చిన్న వీణలు చూపునకే గాని వాద్యమునకు గావు. వానికి శ్రుతి చూచు చెవితో పని లేదు. అవి ఎన్ని అమ్ముడుపోయినను మేళకారుని విద్య నిలువదు.

మైనము ఎండవేడికి మెత్తబడును, మెట్లు కదలును. మన రాయలసీమ వేసవి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కొన్ని యేండ్లకొకసారి మేళము మరల కట్టింపవలసినదే. ఆ పని యెరిగినవాడు లేనినాడు ఎంత మేలైన పనసవీణయు కొయ్యబొమ్మగా మిగులును.

కావున ఇంట తాతలనాటి వీణ యున్నవారు దానిని గోడకు అలంకారముగా ఉంచక, మేళము కట్టించి పలికింపుడు. ఆ పని జరుగుచున్నప్పుడు పిల్లలను చెంత కూర్చుండబెట్టుడు. చెవి యొక్క విద్య వినిననే గాని అబ్బదు.